కాగితముపై కట్టు

మన ఊళ్ళలో నర్సింగ్ హోము అనగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో మాత్రము, తమ పనులు తాము చేసుకొనలేని వృద్ధులు సంవత్సరాల తరబడి నివసించు గృహమునకు ఆ పేరు. అట్టి గృహములను ప్రభుత్వ తనిఖీదారులు చూచి వ్రాయు నివేదికలలో తరచు కనిపించు లోపమొకటి కలదు: పుండుకు రోజూ కట్టు మార్చవలెనని వైద్యుడు వ్రాసెను, కట్టు మారలేదు.

ఇది చిన్న పొరపాటేనా? మీ వ్రేలి గోటిని గట్టిగా నొక్కి చూడండి. తెల్లబారును. వదలగానే ఎరుపెక్కును. నొక్కినంతసేపు అక్కడి కేశనాళికలలో రక్తము ఆడలేదన్నమాట. వాటి మొదట రక్తపీడనము సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసము మాత్రమే. కదలలేని మనిషి తుంటివద్ద, మడమవద్ద శరీరపు బరువే ఆ వ్రేలివలె నొక్కుచుండును. గంటల తరబడి ప్రాణవాయువు అందని కణములు చనిపోవును. అదే పడకపుండు. కనుకనే మనిషిని వేళకు ప్రక్కకు తిప్పుటయు చికిత్సయే.

కట్టు సంగతియు ఇట్టిదే. పుండు ఎండిపోవుటే మేలని పూర్వము తలచెడివారు. ఇంగ్లండుకు చెందిన జార్జి వింటర్ 1962లో పందులపై ప్రయోగములు ప్రకటించెను. తడి ఆరకుండ పాలిథీన్ పొర కప్పిన గాయములపై క్రొత్త చర్మము, గాలికి వదలిన వాటికంటె సుమారు రెట్టింపు వేగముతో వ్యాపించెను. అయితే రసితో నానిన కట్టును అట్లే వదలినచో చుట్టునున్న చర్మము చివికిపోవును, సూక్ష్మజీవులు పెరుగును. వైద్యుడు వ్రాసిన గడువునకు ఇదియే ఆధారము.

చట్టము లేకపోలేదు. నర్సింగ్ హోముల సంస్కరణ చట్టము 1987లోనే వచ్చినది. లోపము అమలులో నున్నది. కొన్నిచోట్ల చికిత్స పట్టికలో నేటి సంతకముండును. కట్టుమీద మాత్రము మొన్నటి తేదీ! ప్రయోగము చేయకనే రికార్డు నింపిన విద్యార్థి మార్కులు పోగొట్టుకొనును. ఇక్కడ పోవునది నోరులేని వృద్ధుని మాంసము.

తప్పంతయు నర్సులదే యనుట న్యాయము కాదు. ఒక్కొక్కరికి రోజుకు కనీసము 3.48 గంటల నర్సింగ్ సేవ అందవలెనని 2024లో నియమము చేసిరి. 2025లో టెక్సాసులోని ఫెడరల్ న్యాయస్థానము దానిని కొట్టివేసెను. చేతులు చాలనిచోట సంతకము సులభము, సేవ కష్టము. అయినను, చేయని పనిని చేసినట్లు వ్రాయుట క్షమింపరానిది. ఆ వ్రాత మరునాడు వచ్చు వైద్యుని కూడ మోసగించును.

మన ఇండ్లలోను మంచము పట్టిన తాతలు, అవ్వలు గలరు. విద్యార్థులారా, వారి మడమలను రోజు కొకసారి చూడండి. ఎఱ్ఱబారినచోట నొక్కినను తెల్లబారకున్నచో, ఆ దినమే వైద్యునికి చెప్పండి.