అలంపురపు కోవెలలు: బరువే బంధమైన శిల్పవిద్య

కర్నూలునుండి తుంగభద్రను దాటి హైదరాబాదు దారి పట్టి, అలంపురం చౌరస్తాకడ తూర్పునకు మఱలిన యాత్రికునకు, పూర్వపు మహబూబునగరము జిల్లా దక్షిణపు కొసను, ఏటియొడ్డున, పదమూడు శతాబ్దుల వయస్సుగల తొమ్మిది కోవెలలు దర్శనమిచ్చును. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మలని పేర్లు గలిగియు, గర్భగృహములందు ఇవి శివాలయములే. బాదామి చాళుక్యుల కాలపు ఈ కట్టడములలో స్వర్గబ్రహ్మాలయమును వినయాదిత్యుని ఏలుబడిలో (681–696) లోకాదిత్యుడు రాణి గౌరవార్థము కట్టించినట్లు శాసనము కలదు.

మన కన్నులకు అలవడిన ద్రావిడ విమానము అంతస్తులుగా లేచును. ఇచ్చటి రేఖానాగర శిఖరము మాత్రము గోడలపైనుండి ఒకే ఊపున లేచి, పైకి పోయినకొలది నలువైపులను లోనికి వంగి, ఆమలకమను పండు ఆకృతిగల రాతిచక్రము క్రింద ముగియును. ఆ వంపునకు ఆధారము కమాను గాదు. ఒక్కొక్క వరుసను క్రిందివరుసకంటె ఒకింత లోనికి జరిపి పేర్చి, ముందునకు చొచ్చిన అంచు వ్రాలకుండ రాతి వెనుకభాగముపై మీదివరుసల భారమును మోపుటయే అందలి రహస్యము. సున్నపుటడుసుతో పనిలేకుండ, పడద్రోయదగిన బరువునే పట్టి నిలుపు బలముగ మార్చిన ఆ స్థపతుల బుద్ధికి చేతులెత్తి మ్రొక్కవలసినదే.

లోన ప్రవేశించినచో మండపము రెండు స్తంభపంక్తులచే మూడుగా విభక్తమై, ప్రక్కనడవలు గర్భగృహమును చుట్టివచ్చి ప్రదక్షిణపథమగును. గోడలలోని రాతిజాలకములు వడగట్టిన వెలుగు మండపమునుండి సన్నిధికి పోయినకొలది సన్నగిల్లి, తుదకు దీపకాంతి యొక్కటే మిగులుటచేత, నడకయే భక్తునిచేత ధ్యానారంభము చేయించును. నాలుగు శతాబ్దుల తరువాత ఐరోపా పల్లెలలో వెలసిన రోమనెస్కు చర్చిలందును మందపు గోడలు, చిన్న కిటికీలు, నడుమ నడవ, ప్రక్కనడవలు కానవచ్చును; ఒకరినొకరు ఎఱుగని శిల్పులు చీకటిని పూజాద్రవ్యముగ గ్రహించిరి.

ఈ విద్యకు ఘనమైన పరీక్ష మన కాలముననే జరిగినది. శ్రీశైలము జలాశయపు నీరు కృష్ణాతుంగభద్రల సంగమస్థలమైన కూడవెల్లిని ముంచనున్నప్పుడు, అచ్చటి ప్రాచీన సంగమేశ్వరాలయమును రాయి వెంబడి రాయి విప్పి, అలంపురమునకు తెచ్చి, మరల నిలిపిరి. అడుసుతో అతికిన గోడను పగులగొట్టక విప్పుట దుర్లభము. బరువుచే కూడిన రాళ్లు మాత్రము విడివడియు తమ తావులను మఱువలేదు.

కావున అలంపురము పోవువారు దర్శనమైన వెంటనే తిరిగిరాక, సంగమేశ్వరుని గోడలకడ కొంతసేపు నిలిచి రాతికి రాతికి నడుమగల సందును పరికింపవలెను. ఇంజనీరింగు చదువు పిల్లలను వారి గురువులు ఇచ్చటికి తోడ్కొని రావలెను. పూజలు సాగుచున్న బాలబ్రహ్మేశ్వరుని సన్నిధిని ఊరివారు ఎంత శ్రద్ధతో కాపాడుకొనుచున్నారో, ఈ కట్టుబడి జ్ఞానమునుగూడ అంత శ్రద్ధతో రానున్న తరములకు అందించుట తెలుగువారందఱి బాధ్యత.