చాసీ ఒకరిది, బాడీ ఒకరిది

రోల్స్‌రాయిస్ కంపెనీ ‘40/50’ మోడల్ కారు 1906లో లండన్ ఒలింపియా మోటారు ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. అప్పటికి దానికి సిల్వర్ ఘోస్ట్ అన్న పేరు లేదు. మరుసటి ఏడాది కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ ఒక కారుకు వెండి రంగు వేయించి, వెండిపూత సామాను బిగింపజేసి ఆ పేరు పెట్టాడు. లండన్, గ్లాస్గో నగరాల మధ్య పదేపదే తిరుగుతూ ఆ కారు 14,371 మైళ్లు, అంటే దాదాపు 23 వేల కిలోమీటర్లు, ఎక్కడా మొరాయించకుండా నడిచింది. ఆ ఒక్క బండి పేరే క్రమంగా మోడల్ మొత్తానికీ స్థిరపడిపోయింది.

ఆ నడకకు మూలం హెన్రీ రాయిస్ పనితనం. ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల ఇంజన్ అంటే తయారీదారులకు గుబులు. పొడవాటి క్రాంక్‌షాఫ్ట్ మెలితిరిగి అదిరేది, ఒక్కోసారి విరిగిపోయేది కూడా. రాయిస్ సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోత పోయించాడు. క్రాంక్‌షాఫ్ట్‌ను లావు చేసి ఏడు బేరింగుల మీద నిలబెట్టాడు. ఆయిల్ ఒత్తిడితో బేరింగులకు చేరే ఏర్పాటు చేశాడు. ఏడు లీటర్ల ఇంజన్ అయినా చప్పుడు లేకుండా తిరిగింది అందుకే.

రాయిస్ పేరు ఇలా నిలిచింది. ఆ కారును కంటికి కారులా కనిపించేట్టు చేసినవాళ్ల పేర్లు మాత్రం నిలవలేదు. కంపెనీ అమ్మింది చాసీ ఒక్కటే. దాని మీద బాడీ కట్టించుకోవడం కొన్నవాళ్ల పని. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే లారీలను చూస్తూ పెరిగిన చోడవరం వాళ్లకు ఇది వింతగా తోచదు. ఒట్టి చాసీ కొని తెచ్చి, షెడ్డులో బాడీ కట్టించే పద్ధతి లారీల్లో ఉన్నదే.

లండన్‌లో ఈ పనికి పేరుమోసిన సంస్థల్లో బార్కర్ ఒకటి. 1710లో మొదలైన ఈ సంస్థ రాజకుటుంబాలకు గుర్రపు బగ్గీలు కట్టేది. 1907 నాటి ఆ వెండి రంగు కారు బాడీ కూడా బార్కర్ వాళ్లదే. ఈ వృత్తిలో వడ్రంగి యాష్ కర్రతో చట్రం కడతాడు. రేకు పనివాడు అల్యూమినియం రేకును సుత్తితో సాగగొట్టి చట్రం వంపులకు తగ్గట్టు కూర్చుతాడు. తర్వాత రంగు పని. కుంచెతో ఒక పూత వేయడం, ఆరాక దాన్ని నునుపుగా అరగదీయడం, మళ్లీ ఇంకో పూత. వారాల తరబడి ఓపిక పట్టాల్సిన పని ఇది. ఇంజన్ ఎంత గొప్పదో కొలిచి చెప్పవచ్చు. ఈ చేతులు చేసిన పనికి కొలత లేదు, అందుకే లెక్కలోకి రాలేదు. ఇది అన్యాయం.

ఆ పనికి మన దగ్గరున్న సాక్ష్యం హైదరాబాద్ నిజాం సింహాసనం కారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సిల్వర్ ఘోస్ట్ చాసీ మీద దీన్ని కట్టించాలనుకున్నాడు. బాడీ పని బార్కర్‌కు వెళ్లింది. వెనక భాగంలో మామూలు సీటు బదులు నడుమ ఎత్తయిన ఆసనం అమర్చారు. ఊరేగింపులో ప్రభువు అందరికీ కనబడాలి కదా! ఆసఫ్‌జాహీల జెండాది పసుపు రంగు. కారుకూ పసుపే వేశారు. కారు రాకముందే, 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశాడు. అది ఆయన కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఆయన హయాంలో అది రోడ్డెక్కింది చాలా అరుదు.

సిల్వర్ ఘోస్ట్ తయారీ ఇంగ్లండులో 1925లో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో 1926లో ఆగింది. రెండు చోట్లా కలిపి ఏడు వేల ఎనిమిది వందలకు పైగా తయారయ్యాయి. 1938లో బార్కర్‌ను హూపర్ సంస్థ కొనేసింది. 1949లో వచ్చిన సిల్వర్ డాన్ మోడల్‌కు రోల్స్‌రాయిస్ కంపెనీయే బాడీ కూడా బిగించి అమ్మింది. 1965 నాటి సిల్వర్ షాడోలో చాసీ, బాడీ ఒకే ముక్క అయ్యాయి. దాంతో ఆ మోడల్‌లో బాడీ కట్టేవాళ్లకు విడిగా అప్పగించడానికి చాసీయే లేకుండా పోయింది. ఆ చేతిపనికి గుర్తుగా మిగిలిన నిజాం పసుపు కారు మాత్రం మరమ్మతు పూర్తి చేసుకుని హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు చేరింది.