అమరావతి శిల్పాల రాతికి పుట్టిల్లు ఏది?

హైదరాబాదులోని కాచిగూడ, అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు నేలపై నిలిచి ఉన్నాయి. 1935లో వెలసిన మొజంజాహీ మార్కెట్టు గోడలు కూడా గ్రానైటువే. అయితే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల భద్రపరచిన ఆంధ్ర బౌద్ధ శిల్పాల రాయి వేరు. తెలుపులో లేత ఆకుపచ్చ, బూడిద ఛాయలు కలిసిన ఆ సున్నపురాయి కృష్ణా లోయకు, ముఖ్యంగా పల్నాటికి చెందినది.

పద్దెనిమిదో శతాబ్దం చివర కాలిన్ మెకంజీ అమరావతి స్తూపాన్ని తొలిసారి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు 1859లో లండన్ చేరి, ఐరోపా పండితుల నోట ‘అమరావతి మార్బుల్స్’ అయ్యాయి. నిజానికి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి సున్నపురాయి అవుతుంది; భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి దాని స్ఫటికాలు కొత్తగా పెరిగి ఒకదానితో ఒకటి పెనవేసుకున్నప్పుడే అది పాలరాయి అవుతుంది. పల్నాటి రాయి ఆ మార్పుకు లోనుకాలేదు.

ఈ రాతి గుణాలే శిల్పరీతిని చాలావరకు నిర్దేశించాయి. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కనుక వెడల్పయిన పలకలుగా ఊడివస్తుంది. స్తూపపు ‘అండం’ అనే గుమ్మటాన్ని కప్పడానికి, కథాఘట్టాలను ఉబ్బెత్తుగా చెక్కడానికి అలాంటి పలకలే అనువైనవి. గ్రానైటులోని క్వార్ట్జు ఖనిజం కాఠిన్యపు కొలమానంలో 7వ స్థానంలో ఉండగా సున్నపురాతిలోని కాల్సైటు 3వ స్థానంలోనే ఉంటుంది కాబట్టి, ఉలి సులభంగా దిగి నగల నగిషీని, వస్త్రపు మడతలను కూడా సన్నగా తీర్చగలిగింది. ప్రాకారంలోని నిలువు స్తంభాలకు తొలిచిన గాళ్లలో ‘సూచులు’ అనే అడ్డపలకల కొనలను దూర్చి, పైన ‘ఉష్ణీషం’ అనే దూలాన్ని అమర్చే పద్ధతి వడ్రంగపు పనితనాన్ని రాతిలోకి తెచ్చింది. ఇంత మేలు చేసిన గుణమే కీడూ చేసింది: కాలిస్తే సున్నమయ్యే రాయి కావడంతో ఎన్నో ఫలకాలు బట్టీల పాలయ్యాయి.

రాతి జాడ తీయడంలో మొదటి ఆధారం భూగర్భ పటం. నాగార్జునకొండ, జగ్గయ్యపేట ప్రాంతాలు సున్నపురాతి పొరలున్న చోటనే ఉన్నాయి. అమరావతికి మాత్రం రాయి ఎగువనున్న పల్నాటి నుంచి రావాలి, అందుకు కృష్ణా ప్రవాహమే సహజమైన దారి. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గ్రానైటు కొండల నడుమ ఉన్నప్పటికీ అక్కడి తోరణాన్ని సున్నపురాతితోనే చెక్కారంటే, దగ్గరలో దొరికే రాతిని కాదని దూరపు రాతిని కోరి తెప్పించుకున్నారని అర్థం.

పటం చెప్పలేనిది ప్రయోగశాల చెప్పగలదనడానికి గ్రీసు మంచి నిదర్శనం. క్రీ.పూ. 447లో ఏథెన్సులో మొదలైన పార్థెనాన్ ఆలయానికి సమీపంలోని పెంటెలీ కొండ పాలరాతిని తెచ్చారు. 1890లో జర్మన్ శాస్త్రవేత్త లెప్సియస్ గ్రీకు పాలరాళ్ల రేణువులను సూక్ష్మదర్శినితో పరిశీలించి గనులను గుర్తించే ప్రయత్నం చేశాడు. 1972లో హార్మన్ క్రెయిగ్, వలెరీ క్రెయిగ్ దంపతులు ఐసోటోపులను, అంటే ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉండే పరమాణువులను, ఆశ్రయించారు. చిటికెడు రాతిపొడిలో కార్బన్, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి పెంటెలీ, హైమెటస్, పారోస్, నాక్సోస్ గనుల రాళ్లను వేరు చేయవచ్చని వారు చూపారు. తరువాత మరిన్ని గనులు పరీక్షకు వచ్చేసరికి కొన్నింటి విలువలు కలిసిపోతున్నట్లు తేలడంతో, రేణువుల పరిమాణాన్ని, ఇతర రసాయన లక్షణాలను కూడా జోడించి నిర్ణయించే పద్ధతి స్థిరపడింది.

ఈ పద్ధతి తెలుగు నేలకూ అవసరమే. కర్ణాటకలో సన్నతి సమీపాన ఉన్న కనగనహళ్లి స్తూపాన్నీ సున్నపురాతితోనే కట్టారు. అది ఉన్న భీమా లోయలోని సున్నపురాతి నిక్షేపాలు పల్నాటివి కావు. ఊరూపేరూ లేకుండా దొరికిన శిల్పఖండం ఈ రెండింటిలో ఏ లోయదో శైలిని బట్టి ఊహించడం కన్నా రాతిని బట్టి తేల్చడం భద్రమైన మార్గం. అందుకు ముందుగా కృష్ణా, భీమా లోయల గనుల రాతి నమూనాలను సేకరించి, వాటి కొలతలను ఒకచోట భద్రపరచాలి. ప్రదర్శనశాలలు శిల్పం పేరు, కాలంతో పాటు రాయి ఏదో, ఎక్కడిదో కూడా ఫలకంపై తెలుగులో రాయించాలి. గనిని, నదిని, శిల్పిని కలిపి చెప్పినప్పుడే ఆ కళాచరిత్ర పూర్తవుతుంది.