రేనాటి చరిత్రమునఁ గర్తృవిచారము

పెన్న, చిత్రావతి, కుందేఱు పాఱు సీమకు రేనాఁ డని ప్రాచీననామము. శాసనములు దీనిని ఏడువేల నాఁడుగాఁ బేర్కొనుచున్నవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కమలాపురము ప్రాంతముల ప్రజల సాంఘిక రాజకీయ చరిత్రము వ్రాయఁబూనినవారు శాసనములను, గ్రామ కైఫీయతులను, దొరతనమువారి లేఖలను, వీరగాథలను నాశ్రయింపవలసి యున్నది. వీనిలో సత్య మెంత, కల్పన యెంత యని పలువురు విచారించిరి. అది యావశ్యకమే. కాని వ్యాకరణము చదివినవానికి మొదటఁ దోఁచు ప్రశ్న వేఱు. ఈ వాక్యములలోఁ గ్రియకుఁ గర్త యెవఁడు? పాణిని కర్తకు స్వాతంత్ర్యమును లక్షణముగాఁ జెప్పెను. ప్రజల చరిత్ర మన్నప్పుడు ప్రజలు కర్తలైన వాక్యములు కొన్నియైన దొరకవలెను గదా.

రేనాటి చోడుఁడు ధనంజయుని కలమళ్ల శాసనమును, ఎరికల్ ముత్తురాజు పేరిటి యెఱ్ఱగుడిపాటి శాసనమును ఆఱవ శతాబ్ది చివరిభాగమున వెలసినవి. తెలుఁగున వెలసిన తొలి శాసనములని వీనిని గూర్చి గర్వించుట తగును. పొరుగుననున్న గొప్ప రాజవంశములు సంస్కృతమునఁ దమ ప్రశస్తులు వ్రాయించుకొనుచుండఁగా నీ చిన్నరాజులు జనుల మాటలో దానమును జెక్కించిరి. దానము చెల్లవలెనన్న సాక్షులకును ఊరివారికిని అది తెలియవలె ననుటయే దీనికిఁ గారణమని నా తలంపు. ఎఱ్ఱగుడిపాటి శాసనమున 'పన్నస' యను భూదానము చెప్పఁబడినది. అందు రాజు కర్త, భూమి కర్మము, గ్రహీతయైన బ్రాహ్మణుఁడు సంప్రదానము; సాక్షుల పేళ్లును గలవు. ఆ భూమిని దున్నినవానికి మాత్ర మే విభక్తియు లేదు. వాని భాష మాత్రము ఆ ఱాతినిండ నున్నది.

కైఫీయతుల విషయ మింతకంటెఁ జిక్కైనది. ఇచటఁ గొంత నిలువవలెను. 1800 సంవత్సరమున నైజాము ఈ మండలములను కుంపిణీకి నిచ్చెను. పిమ్మట కర్నల్ మెకంజీ తన సహాయకులచే నూరూరఁ గరణములకడ వృత్తాంతములు వ్రాయించి తెప్పించెను. ఆయన 1821లో మృతినొందఁగా, కడపలో నుద్యోగము చేసిన బ్రౌను దొర యీ కాగితముల విలువ నెఱిఁగి ప్రతులు వ్రాయించెను. మన కాలమున కడపలోని బ్రౌను భాషాపరిశోధన కేంద్రమువారు జిల్లా కైఫీయతులను సంపుటములుగాఁ బ్రకటించిరి. 'కైఫ' యను నరబ్బీ పదమునకు 'ఎట్లు' అని యర్థము. ఈ యూ రెట్లు పుట్టెను, ఎవరి చేతులు మాఱెను, మాన్యము లెవరెవరికి నడచుచున్నవి యనునదే కైఫీయతు.

పండితులు కొందఱు వీనిని గ్రామ్యభాష యనియు, పుక్కిటి పురాణము లనియుఁ ద్రోసివేయుదురు. భాషాదోషము చరిత్రదోషము గాదు. వేఱు కొందఱు వీనిని ప్రజలే వ్రాసికొన్న చరిత్రమని నెత్తికెత్తుకొందురు. అదియుఁ జెల్లదు. వ్రాసినవాఁడు కరణము. తన కరణికపు మిరాశి యెట్లు సంక్రమించెనో, ఏ మాన్య మే దొర యిచ్చెనో నిరూపించుట యతని ప్రయోజనము. క్రొత్త దొరతనము లెక్కలు చూచుచున్న దినము లవి. కావునఁ గైఫీయతు కొంతవఱకు హక్కుల విన్నపము. అందు మాల మాదిగలు వెట్టి, తలారి మాన్యముల పట్టికలలోఁ దప్పఁ దఱచుగాఁ గానరారు. గండికోట కథలో పెమ్మసాని నాయకులు కర్తలు. 1650లోఁ గోటను బట్టిన మీర్ జుమ్లా కర్త. పెన్న కోనపైకి ఱాళ్లు మోసినవాఁడు కరణకారకముగానైనఁ గనఁబడఁడు. వ్రాసిన కరణము మాత్రము గలఁడు.

అయినను గైఫీయతులందు మఱచిపోరాని వాక్య మొకటి మరల మరల వచ్చును: ఫలానివారు అడవి నఱికి, పొలము చేసి, ఊరు కట్టుకొనిరి. ఇచటఁ గ్రియ బహువచనము. రాజాజ్ఞ తరువాత వచ్చును. నాకు వీనిలోఁ బ్రియమైనది యీ భాగమే. దీనినే స్థలపురాణము కప్పివేయును. ప్రొద్దుటూరును 'బ్రధ్నపురి' యనుట యిట్టిది. ప్రొద్దు, ఊరు అను రెండు తేట తెనుఁగు మాటల నడుమ టుగాగమము చక్కఁగా నిలిచియుండఁగా, సూర్యునకు సంస్కృతనామము వెదకితెచ్చి యూరికిఁ దొడిగిరి. సంస్కృతమే నా జీవనము. ఐనను నీ తొడుగు వ్యర్థమని చెప్పక తప్పదు.

దొరతనపు లేఖలలో రైతున కొక కారకము దొరకినది, అది యపాదానము. ఒకటి విడిపోవునప్పుడు దేనినుండి విడిపోవునో, కదలక నిలిచిన యదియే యపాదానము. రైతునుండి శిస్తు విడివడును, రైతు నిలిచియుండును. మన్రో 1800 మొదలు 1807 వఱకు నిచట ప్రధాన కలెక్టరుగా నుండి పాళెగాండ్ర నణఁచి, భూములు కొలిపించి, రైతువారీ పద్ధతిని నడపెను. శిస్తు మిక్కిలి యెక్కువగా నున్నదని యెఱిఁగి, పోవునప్పుడు నాలవవంతు తగ్గింపుమని వ్రాసెను. పైవారు దాని నంగీకరింపక గ్రామములను మొత్తముగా గుత్తల కిచ్చిరి. రైతువారీ మరల వచ్చుటకుఁ బదియేండ్లు దాఁటినవి. భార మోర్వలేక రైతు పొరుగుసీమకుఁ బోయినచో లేఖకులు దానిని నష్టమని వ్రాసిరి. కాని యూరు విడుచుట వాఁడు స్వయముగాఁ జేసిన పని. అక్కడ వాఁడు కర్త. 'దత్తమండల' మను పేరును గూడఁ జూడుఁడు. ఇయ్యఁబడిన దని యర్థము; కర్మార్థమున క్తప్రత్యయము. 1928లో నంద్యాల సభ దానిని విడిచి 'రాయలసీమ' యని పేరు పెట్టుకొన్నది. పెట్టుకొనినవారు ప్రజలు, సమాసములో మాత్రము షష్ఠి రాయలదే.

వీరగాథలలోఁ బ్రజలు కర్త లగుదు రని తలఁపవచ్చును. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నొస్సం పాళెగాని దౌహిత్రుఁడు. నెలకుఁ బదునొకండు రూపాయల చిల్లర భరణము పొందినవాఁడు. 1846లో నప్పటి కడప జిల్లాలోని కోయిలకుంట్ల ఖజానాపై దండెత్తెను. 1847 ఫిబ్రవరి 22న నచ్చటనే యురితీయఁబడెను. పాటలు రెడ్డినే కీర్తించును. భరణపు తగవు రెడ్డి యొక్కనిది. దండు ఎక్కడనుండి వచ్చెను? కట్టుబడి బంట్రోతుల మాన్యములను దొరతనము లాగికొనుటచే బ్రదుకు చెడినవారు వేలుగా నతనిని గూడిరి. వారి పేళ్లు పాటలకంటె విచారణ కాగితములలో నెక్కువగా దొరకును. దొరతనము శిక్షింపవలసివచ్చినప్పుడు వారిని గర్తలుగా నంగీకరించినది. అపరాధమునకుఁ గర్త లేనిదే దండనము పొసఁగదు గదా.

కైఫీయతులను మరల ముద్రింపఁబూనువా రొక పని చేయవలెను. రాజుల పేళ్లకు సూచిక కూర్చినట్లే చెఱువులు త్రవ్వినవారికి, అడవి నఱికినవారికి, వెట్టి చేసినవారికి, పన్నుల పేళ్లకు వేఱు సూచిక కూర్పవలెను. విచారణ కాగితములలోని కట్టుబడివారి పేళ్లను వారి వారి యూళ్ల కైఫీయతుల క్రింద నెత్తి చూపవలెను. కలమళ్లనుండి యారంభించినచో సులభముగా నుండును.