చప్పుడు ఎప్పుడు తగ్గుతుంది?

పాత పికప్ ఇంజన్‌లో చప్పుడు మొదలైందంటే చాలు, షెడ్డుకు చేరేలోపే దారిపొడవునా తీర్పులు వచ్చేస్తాయి. టీకొట్టు దగ్గర ఒకాయన "బోరు పోయింది" అంటాడు. పంక్చర్ షాపాయన "టాపెట్లే, ఏం భయం లేదు" అంటాడు. బంకులో కుర్రాడు ఖరీదైన ఆయిల్ డబ్బా ఒకటి తెచ్చి చూపిస్తాడు. నూజివీడు వైపు నుంచి మా మామిడికాయలు మోసే పాత డీజిల్ బండి పుణ్యమా అని ఇవన్నీ వినే యోగం నాకు పట్టింది. వీళ్లు చప్పుడు వినగానే పేరు పెట్టేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో నేను చూసిన మంచి మేస్త్రీలు అంత తొందరపడరు. బానెట్ ఎత్తకముందే డ్రైవర్ని కూర్చోబెట్టి అడుగుతారు: "చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? లోడు మీదా, ఖాళీగానా? క్లచ్ తొక్కితే మారుతోందా తమ్ముడూ?" చప్పుడు దేని వల్ల తగ్గుతుందో పట్టుకోవడమే వాళ్ల విద్య అని నాకు నెమ్మదిగా అర్థమైంది.

పొద్దున్నే టకటకలాడి, వేడెక్కాక సర్దుకుంటే పిస్టన్ అరిగి బోరు గోడకు తగులుతోందని అనుమానం. వేడికి పిస్టన్ వ్యాకోచించి సందు తగ్గుతుంది కాబట్టి చప్పుడూ తగ్గుతుంది. సైలెన్సర్ మానిఫోల్డ్ గాస్కెట్ లీకైనా దాదాపు ఇలాగే వినిపిస్తుంది కనుక ముందు అది చూసుకోవాలి. పొద్దున బుద్ధిగా ఉండి, ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు దబ్‌దబ్‌మని కొడితే మాత్రం కంగారు పడాల్సిందే. అది కనెక్టింగ్ రాడ్ బేరింగుల దగ్గరి మాట. అక్కడ షెల్‌కూ క్రాంక్‌కూ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ సందులోని ఆయిల్ పొరే బరువంతా మోస్తుంది.

క్లచ్ తొక్కగానే మారే చప్పుడు సాధారణంగా రిలీజ్ బేరింగ్‌ది. ఫ్యాన్ బెల్టు తీసి కొద్ది సెకన్లు నడిపినప్పుడు మాయమైతే ఆల్టర్నేటర్‌ని చూడాలి. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకులకు వాక్యూమ్ ఇచ్చే పంపు దాని వెనకే ఉంటుంది, అరిగితే ఇంజన్ పోయిందేమో అనిపించేంత గోల చేస్తుంది. ఆ చిన్న పంపు పుణ్యాన అనవసరంగా విప్పించుకున్న ఇంజన్లు ఎన్నో!

పాత బండి కొనేవాళ్లకు ఒక్క మాట. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే, మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి. కింద బేరింగుల దగ్గర కొడుతున్న చప్పుడును చిక్కటి ఆయిల్ పోసి కొన్నాళ్లు కప్పిపెట్టడమూ మామూలే.

డీజిల్‌తో ఇంకో చిక్కుంది. పెట్రోలు ఇంజన్ నాకింగ్‌కు కారణం పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోవడం. అలా అంటుకోకుండా ఆపే గుణానికే ఆక్టేన్ అని లెక్క. డీజిల్‌ది సరిగ్గా ఉల్టా. ఇక్కడ ప్లగ్గు ఉండదు, నొక్కుకుపోయి మండేంత వేడెక్కిన గాలిలోకి నాజిల్ డీజిల్‌ను చిమ్ముతుంది. అది వెంటనే అంటుకోక ఆలస్యమైతే అక్కడ పోగుపడి, ఒక్కసారిగా భగ్గుమంటుంది. అదే కొట్టుడు. త్వరగా అంటుకునే గుణమే డీజిల్‌కు మంచిది, దాని లెక్క సీటేన్, మన దగ్గర కనీసం 51 ఉండాలి. చల్లటి ఇంజన్‌లో ఆలస్యం ఎక్కువ కాబట్టి ఏ పాత డీజిల్ బండి అయినా తెల్లవారుజామున కాస్త గొణుగుతుంది. నాజిల్ చిమ్మకుండా కారినా, పంపు టైమింగ్ ముందుకు జరిగినా ఆ గొణుగుడు సుత్తి దెబ్బ అవుతుంది. చెవికి అచ్చం బేరింగ్ చప్పుడే.

మరి ఏది ఏదో తేల్చేదెలా? పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి బ్లాకు మీద వెతికేవాళ్లను చూసే ఉంటారు. నాకు దాని మీద అంత నమ్మకం లేదు. ఇనుములో చప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికైనా పాకుతుంది. నన్ను కట్టిపడేసే పద్ధతి వేరే ఉంది. ఇంజన్ స్లోలో ఉండగా మేస్త్రీ ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేస్తాడు. ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు, అది పని మానేస్తుంది. మూడోదాన్ని వదిలినప్పుడు చప్పుడు తగ్గిందనుకోండి, జబ్బు మూడో సిలిండర్‌ది. నాజిల్‌దా, బేరింగ్‌దా అన్నది ఇంకా తేలలేదు. అప్పుడు మూడో నాజిల్ తీసి ఒకటో దానిలో, ఒకటోది మూడో దానిలో బిగిస్తాడు. చప్పుడు నాజిల్ వెంట ఒకటో సిలిండర్‌కు వెళ్లిపోతే హాయి, నాజిల్ షాపులో టెస్టింగ్‌తో పోతుంది. మూడో దగ్గరే ఉండిపోతే దిగువకు దిగాల్సిందే. ఇంత పొదుపైన తర్కాన్ని నేను కోర్టు తీర్పుల్లో కూడా అరుదుగా చూశాను.

ఇది పాత మెకానికల్ పంపులున్న బండ్ల సంగతి. ఆ పంపుల కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారినా పెద్ద మేస్త్రీలు ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. కామన్ రైల్ ఇంజన్ మీద ఈ ప్రయోగం చేస్తే ప్రాణాపాయం. వాటి పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, ఆ చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. అక్కడ సిలిండర్లను ఒక్కోటిగా ఆపే పని స్కానర్‌ది.

దిగువకు దిగాలంటే ముందు ఆయిల్ దించి వెడల్పాటి పళ్లెంలో పట్టి ఎండలో చూడాలి. బంగారు పొడిలాంటి మెరుపు కనిపించి, అయస్కాంతానికి అంటకపోతే బేరింగ్ పొడి రాలుతున్నట్టే. ఆయిల్ ఛాంబర్ విప్పి, క్యాపు తీస్తే షెల్ మీది తెల్లటి పొర పోయి రాగి రంగు బయటపడి ఉంటుంది. క్రాంక్ మీద గీత పడకపోతే షెల్స్ మారిస్తే సరి. పడితే లేత్ షాపులో పావు మిల్లీమీటరు గ్రైండింగ్, దానికి తగిన అండర్‌సైజ్ షెల్స్. అప్పటికీ పట్టించుకోకుండా లోడు కొడితే రాడ్డు విరిగి బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది, ఆ తర్వాత ఇంజన్ తూకానికే.

షెల్స్ మార్చాక బండిని వెంటనే స్టార్టు చేయరు. డీజిల్ ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా ఉత్త సెల్ఫ్ కొడతారు. ఆ తర్వాతే డీజిల్ వదులుతారు. మా డ్రైవర్ ఆత్రంగా ఆక్సిలేటర్ మీద కాలు పెట్టబోతే మేస్త్రీ కసిరాడు. ఇంజన్ అందుకుంది. మావాడు చెవి ఒగ్గి, మొహం వేలాడేసి, "అన్నా, ఇంకా టకటకమంటోందే" అన్నాడు.

"డీజిల్ బండి తమ్ముడూ, మూగబోతే తీసుకురా" అన్నాడు మేస్త్రీ, చేతులు తుడుచుకుంటూ.