జీతగాని ఒప్పందం: సివిల్ చట్టం వదిలేసిన లెక్క

లా కాలేజీల్లో ఒప్పందాల పాఠం 1872 నాటి కాంట్రాక్టు చట్టంతో మొదలవుతుంది. స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతే ఒప్పందానికి ప్రాణమని పదో సెక్షన్ చెబుతుంది. ఉదాహరణల్లో 'ఎ' తన ఇల్లు 'బి'కి అమ్ముతుంటాడు. ఎ కు గానీ బి కి గానీ కులం ఉండదు. దొర గడి ముందట చేతులు కట్టుకొని నిలబడ్డ బి ని ఆ పుస్తకాల్లో మేమెన్నడూ చూడలేదు.

జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో ఒప్పందమంటే జీతముండుడు. తండ్రి తెచ్చిన నాగు గింజలు తీరక మాదిగ పిలగాడు పసులకాడ చేరేది. కాగితం లేదు, సమ్మతి అడిగినోడు లేడు. నిజాం రాజ్యంలో దీన్నే భగేలా అన్నారు. 1930లలో దాన్ని అదుపు చేస్తామని తెచ్చిన చట్టం కూడా 'భగేలా ఒప్పందాల' పేరుతోనే వచ్చింది. వెట్టికి ఒప్పందమనే పేరు అట్లా స్థిరపడ్డది. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ వెట్టి మీద జనం తిరగబడ్డ 1946 నాటికీ ఊళ్లో అమలైంది ఆ చట్టం కాదు, దొర మాట.

1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని జాగ్రత్తగా చదవాల్సి ఉంది. జీత, భగేలా, పాలేరు, వెట్టి వంటి పద్ధతుల్లో అప్పిచ్చినోనికీ తీసుకున్నోనికీ నడుమ ఒప్పందం ఉన్నట్టే సామాజిక ఆచారాన్ని బట్టి భావించాలని రెండో సెక్షన్ వివరణ అంటుంది. కాగితం చూపలేని కూలికి ఇది మేలే, కాదనం. ఫలానా కులంలో పుట్టినందుకే చాకిరీ చేయాల్సిరావడాన్ని కూడా అదే సెక్షన్ వెట్టి కింద లెక్కగట్టింది. అంటే పుట్టుకతో బాధ్యత అంటుకుంటుందని చట్టమే ఒప్పుకుంది. కాంట్రాక్టు పాఠం మాత్రం ఒప్పుకోదు. ఈ చట్టాన్ని కార్మిక చట్టాల పేపర్లోకి నెట్టి చేతులు దులుపుకుంటుంది.

ఇక నష్టపరిహారం. ఆరో సెక్షన్ అప్పును రద్దు చేసింది, మంచిదే. మరి చేసిన చాకిరీ సంగతేమిటి? పద్దెనిమిదో సెక్షన్ ప్రకారం దోషికి మూడేండ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జుర్మానా. ఆ జుర్మానా వసూలైతేనే అందులోంచి కూలికి రోజుకు 5 రూపాయలు. 2,000ను 5తో భాగిస్తే 400 రోజులు. ఏడాది మీద 35 రోజులు. పదేండ్లు జీతమున్నోనికి మిగతా ఎనిమిదేండ్ల పైచిలుకు కష్టానికి ఈ సెక్షన్‌లో పైసా లేదు. పునరావాస డబ్బు ఇచ్చేది సర్కారు, దొర కాదు.

చెల్లని ఒప్పందంతో లాభపడ్డోడు ఆ లాభాన్ని తిరిగియ్యాలని కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ అంటుంది. వ్యాపారుల తగాదాలకు ఇది బాగా పనికొస్తుంది. జీతాన్ని చెల్లకుండా చేసింది 1976 చట్టం ఐదో సెక్షన్. మరి దొర పొందిన లాభం, అంటే దున్నిన చెలకలు, కాసిన మందలు, తవ్విన బావులు, ఎవరు తిరిగియ్యాలె? సివిల్ కోర్టుకు పోదామంటే ఈ చట్టం కిందికొచ్చే విషయాల్లో ఆ కోర్టుకు అధికారం లేదని 25వ సెక్షన్ అడ్డం నిలుస్తుంది. దొర దావా వేయకుండా మూసిన తలుపే జీతగానికీ మూసుకుపోయింది.

కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకుంటే అదీ బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆకలి కూడా బలవంతమేనన్నది. ఆ తీర్పును రాజ్యాంగం పేపర్లో చదివిస్తారు. పదో సెక్షన్‌లోని 'స్వేచ్ఛ' పక్కన పెట్టి చదివించే పాఠ్యపుస్తకం మాకింకా దొరకలేదు.