ప్రవాహి సమీకరణాలు: నియమమెంత, పరికల్పన ఎంత?

న్యూటన్ రెండవ గమన నియమాన్ని ప్రవాహికి అన్వయిస్తే నావియే-స్టోక్స్ సమీకరణాలు వస్తాయన్నది పాఠ్యపుస్తకాలలో తరచుగా కనిపించే మాట. ఇందులో అబద్ధం లేదు గాని, ఇది సగం మాత్రమే చెప్పే మాట. న్యూటన్ నియమం బలానికీ త్వరణానికీ గల సంబంధాన్ని చెబుతుంది. నీటిలో ఒక పొర పక్క పొరను ఎంత బలంతో ఈడుస్తుందో అది చెప్పదు. ఆ బలం విలువను మనమే వేరేచోటి నుంచి తెచ్చి పెట్టాలి. ఎక్కడినుంచి తెచ్చాం, ఏ హక్కుతో తెచ్చాం అన్న ప్రశ్నకు జవాబే మిగతా సగం. గణితవేత్తల పుస్తకాలలో ఆ జవాబు రెండు మూడు పంక్తులకు కుదించుకుపోయింది. మా వైద్యుల పుస్తకాలలో ప్రశ్న కూడా మిగలలేదు, చివరి సూత్రం ఒక్కటే మిగిలింది.

నేను వైద్యుణ్ని, గణితం నా వృత్తి కాదు. అయినా ఈ విషయం పట్టించుకోవడానికి కారణముంది. బృహద్ధమని కవాటం సన్నబడిన రోగికి శస్త్రచికిత్స చేయాలా, ఇంకొంత కాలం వేచి చూడాలా అన్న నిర్ణయం చాలావరకు ఈ సమీకరణాల నుంచి పుట్టిన ఒక చిన్న సూత్రం మీద నడుస్తోంది. దాని సంగతి తరవాత చెబుతాను. ముందు ఉత్పాదన చూద్దాం.

మొదటి అడుగు ద్రవ్యరాశి నిత్యత్వం. ఒక ప్రదేశంలోకి వచ్చినదానికీ, అక్కడినుంచి పోయినదానికీ తేడా ఎంతో అంతే అక్కడ పేరుకోవాలి లేదా తగ్గాలి. దీనిని మన పుస్తకాలు సాతత్య సమీకరణం అన్నాయి. ఇందులో చిక్కేమీ లేదు.

రెండవ అడుగు త్వరణం. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఇక్కడే. కవాటం దగ్గర ఒక చోట వేగమాపకాన్ని నిలిపి ఉంచామనీ, ప్రవాహం నిలకడగా ఉందనీ అనుకుందాం. మాపకం ఎప్పుడు చూసినా ఒకే అంకె చూపుతుంది. అంతమాత్రాన అక్కడి రక్తానికి త్వరణం లేదనలేం. ఆ రక్తకణం వెంటే మనమూ ప్రయాణిస్తే, కవాటానికి ముందు సెకనుకు 1 మీటరు ఉన్న వేగం ఒకటి రెండు సెంటీమీటర్లు దాటేసరికి 4 మీటర్లు కావడం చూస్తాం. నిలబడి చూసేవాడికి మార్పు లేదు, వెంట వెళ్ళేవాడికి ఉంది. న్యూటన్ నియమం వెంట వెళ్ళేవాడి లెక్కనే అడుగుతుంది. కాబట్టి కాలంతో వచ్చే మార్పుకు, చోటు మారడం వల్ల వచ్చే మార్పును కలపాలి. ఈ రెండవ పదంలో వేగం తనను తానే గుణించుకుంటుంది. ఈ సమీకరణాలు అంత మొండిగా ఉండడానికీ, నేటికీ పూర్తిగా లొంగకపోవడానికీ ముఖ్య కారణం అదే.

ఇంతవరకు ఆయిలర్ 1755లో బెర్లిన్ అకాడమీకి సమర్పించిన పనిలోనే ఉంది. ఆయన ప్రవాహిలో బలంగా లెక్కించినవి రెండు: బయటినుంచి లాగే గురుత్వం వంటిది, ఉపరితలానికి లంబంగా నొక్కే పీడనం. పొరలు ఒకదానినొకటి రాసుకోవడం అందులో లేదు. దాని ఫలితం ఏమిటో దలాంబేర్ అప్పటికే చూపించాడు: అలాంటి ప్రవాహిలో సమవేగంతో కదిలే వస్తువుకు నిరోధమే ఉండదు. పడవ నడిపే ఎవరికైనా ఇది తప్పని తెలుసు. ఫైన్‌మన్ తన భౌతికశాస్త్ర ఉపన్యాసాలలో ఈ ఆయిలర్ ప్రవాహికి పొడి నీరనీ, రాపిడి ఉన్నదానికి తడి నీరనీ పేర్లు పెట్టి వేరువేరు అధ్యాయాలు రాశాడు. బోధనలో ఇంత మంచి విభజన నేను మరోచోట చూడలేదు. కాని తడి నీటికి వచ్చేసరికి ఆ మహా ఉపాధ్యాయుడు కూడా సాధారణ రూపాన్ని గబగబా రాసేసి ముందుకు సాగిపోయాడు. పాఠకుడు నిలబడి చూడవలసిన చోటు సరిగ్గా అదే.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చెప్పవచ్చు. ప్రవాహిలో ఒక బిందువు దగ్గర ఊహించుకున్న ఏ తలం మీదనైనా పనిచేసే బలాన్ని చెప్పాలంటే తొమ్మిది ప్రతిబల అంశాలు చాలునని 1820లలో కోషీ చూపాడు. కోణీయ ద్రవ్యవేగ నియమం వాటిలో మూడింటిని మరో మూడింటికి సమానం చేస్తుంది, కనుక మిగిలేవి ఆరు. సాంద్రత మారని ద్రవాన్ని తీసుకుందాం. తెలియనివి వేగానికి మూడు, ప్రతిబలానికి ఆరు, మొత్తం తొమ్మిది. చేతిలో ఉన్న సమీకరణాలు ద్రవ్యరాశికి ఒకటి, ద్రవ్యవేగానికి మూడు, మొత్తం నాలుగు. అయిదు సమీకరణాల లోటు. ఈ లోటును న్యూటన్ గమన నియమాలు పూడ్చలేవు, అవి చెప్పగలిగినదంతా చెప్పేశాయి. ఇక మిగిలింది పదార్థ స్వభావం. అది నీరా, తేనా, రక్తమా అన్నది ఇప్పుడు మొదటిసారిగా లెక్కలోకి వస్తుంది.

ఆ ఖాళీని స్టోక్స్ 1845లో నాలుగు మాటలతో పూరించాడు. కదలిక లేనప్పుడు పీడనం తప్ప మరేమీ ఉండదు. ప్రవాహి మొత్తంగా గిర్రున తిరిగినంత మాత్రాన రాపిడి పుట్టదు, పొరల మధ్య సాపేక్ష చలనం ఉండాలి. రాపిడి ఆ సాపేక్ష చలన రేటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. ద్రవానికి ఒక దిక్కుకూ మరో దిక్కుకూ భేదం లేదు. ఈ నాలుగూ ఒప్పుకుంటే ఆరు ప్రతిబలాలనూ ఒక పీడనం, వేగపు మార్పులు, స్నిగ్ధత అనే ఒక గుణకంతో రాయవచ్చు. ఆరు కొత్త సమీకరణాలు వచ్చాయి, పీడనమనే ఒక తెలియనిది చేరింది. ఇప్పుడు పదికి పది, లెక్క సరిపోయింది. మొదటి రెండు మాటలను కాదనడం కష్టం. మూడవది మాత్రం నియమం కాదు, పరికల్పన. నీటికి, గాలికి అద్భుతంగా సరిపోయే పరికల్పన.

లాందావ్, లిఫ్షిట్జ్‌ల గ్రంథం ఈ వాదాన్నే ఇస్తుంది. వేగపు మార్పులు మరీ ఎక్కువ కానప్పుడు అనుపాతం చాలునని ఒక్క ఊపులో చెప్పి, సమీకరణం చేతికిస్తుంది. భౌతికశాస్త్రజ్ఞుడికి అది చాలు. అనుపాతం తప్పే ద్రవాలతో రోజూ పని ఉన్నవాడికి చాలదు. బాచెలర్ 1967 నాటి పుస్తకం నిదానంగా నడుస్తుంది, ఎక్కడ ఏది ఒప్పుకుంటున్నామో ఆగి చెబుతుంది. నా దృష్టిలో ఈ మూడింటిలో నిజాయితీ ఎక్కువ ఉన్న ఉత్పాదన అదే. చదవడానికి ఓపిక కావాలన్నది వేరే సంగతి.

స్నిగ్ధత అన్న మాట గురించి ఒక్క ముక్క. స్నిగ్ధమంటే నూనె జిడ్డు కలది, స్నేహం కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. పొరకూ పొరకూ ఉన్న పట్టును చెప్పే మాటకు చెలిమి చుట్టరికం ఉండడం తెలుగు మాధ్యమంలో చదివినవాడికి దక్కిన చిన్న లాభం.

సరైన సమీకరణం చేతికి వచ్చినంత మాత్రాన ఉత్పాదన సరైనదని అనుకోరాదు. దీనికి నావియేను మించిన సాక్ష్యం లేదు. 1822లో ఆయన తన సమీకరణాన్ని అణువుల మధ్య వికర్షణ గురించిన ఒక ఊహ నుంచి రాబట్టాడు. ఆ ఊహ ఈనాడు నిలవదు, సమీకరణం నిలిచింది. అయితే సమీకరణం ఒక్కటీ చాలదు, గోడ దగ్గర ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ద్రవం గోడ వెంట జారుతుందని నావియే అనుకున్నాడు. అలా అనుకుంటే సన్నని గొట్టాలలో సగటు వేగం వ్యాసానికి అనుపాతంలో వస్తుంది, అప్పటికి అందుబాటులో ఉన్న గిరార్ ప్రయోగాలతో అది సరిపోయింది కూడా. స్టోక్స్ అసలు జారదనుకుని గొట్టంలో ప్రవాహాన్ని లెక్కగట్టి, బోసూ, ద్యుబువాల కొలతలతో పోల్చి చూస్తే పొసగలేదు. ఆ కొలతలు పెద్ద గొట్టాలవి, అక్కడి ప్రవాహం సంక్షుభితం. ఈ రెండింటి మధ్య సరిహద్దును రెనాల్డ్స్ 1883లో రంగునీటితో చూపేవరకు స్పష్టత రాలేదు. తప్పు గోడ షరతు ఒక ప్రయోగంతో సరిపోయింది, సరైన గోడ షరతు మరో ప్రయోగంతో సరిపోలేదు!

ఈ చిక్కును విప్పిన కొలతలు ఒక వైద్యుడివి. జాఁ ప్వాజాయ్ పారిస్‌లో వైద్యం చదివినవాడు, అంతకు ముందు ఎకోల్ పాలిటెక్నిక్‌లో కొంతకాలం ఉన్నవాడు. కేశనాళికలలో రక్తం ఎలా పోతుందో తెలుసుకోవాలన్నది ఆయన తపన. రక్తం గడ్డకడుతుంది కనుక స్వేదనజలం తీసుకుని, 0.015 నుంచి 0.6 మిల్లీమీటర్ల వరకు వ్యాసమున్న గాజు గొట్టాలలో, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచి కొలిచాడు. ప్రవాహం వ్యాసం నాలుగవ ఘాతానికి అనుపాతంలో ఉందని తేల్చాడు. అంతే కాలంలో జర్మనీలో హాగెన్ అనే ఇంజనీరు కూడా విడిగా అదే దారిలో ఉన్నాడు. ప్వాజాయ్ దేనినీ ఉత్పాదించలేదు, కొలిచాడు. స్టోక్స్ పరికల్పన నుంచి, గోడ దగ్గర వేగం సున్నా అనుకుని, ఆ నాలుగవ ఘాతాన్ని రాబట్టడం 1860 ప్రాంతంలో హాగెన్‌బాఖ్, నాయ్‌మన్‌ల పని.

ఆ ఉత్పాదనను వరుసగా చదివితే వైద్యుడికి దక్కేది చాలా ఉంది. గొట్టం మధ్యలో ఒక స్తంభాన్ని ఊహించండి. దాని రెండు కొసల పీడన భేదాన్ని అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే వచ్చే బలం, దాని చుట్టూ ఉన్న రాపిడికి సమానం. ఈ ఒక్క వాక్యం నుంచే రాపిడి మధ్యలో సున్నా, గోడ దగ్గర గరిష్ఠం అని తేలుతుంది. ఇక్కడివరకు స్నిగ్ధత మాటే రాలేదు. కనుక ప్రవాహం నిలకడగా ఉంటే నీటికీ, రక్తానికీ, పెరుగుకూ ఇది చెల్లుతుంది. తరవాతి పంక్తిలో రాపిడి వేగపు మార్పుకు అనుపాతమన్నాం, రక్తం అక్కడ కొంత తప్పుకుంది. నెమ్మదిగా కదిలే రక్తంలో ఎర్రకణాలు నాణేల దొంతరల్లా అతుక్కుంటాయి, స్నిగ్ధత పెరుగుతుంది. ఆ తరవాత నిలకడ అన్నాం, గుండె దగ్గరి పెద్ద ధమనులన్నీ అక్కడ తప్పుకున్నాయి. ఏ పంక్తిలో ఏది జారిపోయిందో తెలిస్తే, ఏ ఫలితం ఇంకా మన చేతిలో ఉందో తెలుస్తుంది. గైటన్ శరీరధర్మశాస్త్రంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాల బొమ్మ ఉంటుంది, వాటి వేగాలను కూడితే సూత్రం వస్తుందన్న మాట ఉంటుంది. బొమ్మ మంచిదే. కాని వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతు అన్న ఒక్క ముక్కే విద్యార్థికి మిగులుతుంది, షరతులు మిగలవు.

ఇప్పుడు కవాటం సంగతి. అల్ట్రాసౌండ్‌తో కవాటం దాటే రక్తపు గరిష్ఠ వేగాన్ని కొలుస్తారు. దాని వర్గాన్ని నాలుగుతో గుణిస్తే కవాటానికి ఇరువైపుల పీడన భేదం మిల్లీమీటర్ల పాదరసంలో వస్తుంది. వేగం సెకనుకు 4 మీటర్లు ఉంటే 64. గరిష్ఠ వేగం 4 మీటర్లు గాని, సగటు భేదం 40 మిల్లీమీటర్లు గాని చేరితే తీవ్రమైన సన్నబాటుగా లెక్క. ఈ నాలుగు ఎక్కడిదని అడిగితే చాలామంది శిక్షణార్థులు బెర్నూలీ అని ఆగిపోతారు. డేనియల్ బెర్నూలీ స్వయంగా వైద్య పట్టభద్రుడన్న సంగతి తెలిస్తే వారికి కొంత ఊరట. నిజానికి ఆ నాలుగు ప్రకృతి స్థిరాంకమేమీ కాదు. రక్తం సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1060 కిలోగ్రాములు, సగం 530. ఒక మిల్లీమీటరు పాదరసం 133.3 పాస్కల్‌లు. భాగిస్తే 3.98.

పూర్తి సమీకరణంలో మరో మూడు అంశాలున్నాయి: కాలంతో వేగం మారడం వల్ల వచ్చేది, రాపిడి వల్ల పోయేది, కవాటానికి ముందరి వేగం. వేగం గరిష్ఠమైన క్షణంలో మొదటిది దాదాపు ఉండదు. పల్చని కవాటంలో రాపిడికి చోటు తక్కువ. ముందరి వేగం 1 మీటరైతే 64 బదులు 60, ఉపేక్షించవచ్చు. కాని ముందరి వేగం 1.5, తరవాతది 3 అయితే సూత్రం 36 అంటుంది, అసలు 27. రక్తహీనతలోనూ, కవాటం వెనక్కి కారుతున్నప్పుడూ ముందరి వేగం ఇలా పెరుగుతుంది. సన్నబాటు పొడవైన సొరంగంలా ఉంటే రాపిడి లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ శిక్షణలో మినహాయింపుల జాబితాగా వల్లె వేయిస్తారు. ఉత్పాదన చూసినవాడికి వల్లె అక్కరలేదు, ఏ పదాన్ని కొట్టివేశామో ఆ పదమే మినహాయింపు.

ఇంకొకటి, కాథెటర్ చూపే భేదం కొన్నిసార్లు అల్ట్రాసౌండ్ చెప్పినదానికన్నా తక్కువగా ఉంటుంది. రెండిటిలో ఒకటి తప్పని వాదులాట మొదలవుతుంది. కొలిచిన చోట్లు వేరన్నది తరచుగా ఎవరికీ తట్టదు. ధార అత్యంత సన్నగా ఉన్నచోట వేగం గరిష్ఠం, పీడనం కనిష్ఠం. ముందుకు పోయి వెడల్పయ్యేకొద్దీ కొంత వేగం మళ్ళీ పీడనంగా మారుతుంది, మిగతాది సుడులలో వేడిగా పోతుంది. బృహద్ధమని వ్యాసం 30 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉన్నవారిలో తిరిగి వచ్చే ఈ భాగం లెక్కించదగ్గంత ఉంటుంది. అటువంటి రోగిలో గుండె నిజంగా మోస్తున్న భారం అల్ట్రాసౌండ్ అంకె చెప్పినంత ఉండకపోవచ్చు. హద్దు మీద ఉన్న రోగికి ఛాతీ తెరిచే ముందు ఈ తేడాను లెక్కగట్టడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

ఆయిలర్ 1775లో ధమనులలో రక్త చలనం మీద ఒక వ్యాసం రాశాడు, అది అచ్చయింది 1862లో. సాగే గోడలున్న గొట్టానికి సమీకరణాలు రాసి, సాధించలేక వదిలిపెట్టాడు. ప్వాజాయ్ కేశనాళికల కోసం వెతికిన నియమం మాత్రం అక్కడికి చేరనే లేదు. గొట్టం 0.3 మిల్లీమీటర్ల కన్నా సన్నబడేసరికి రక్తపు స్నిగ్ధత తగ్గడం మొదలవుతుందని ఫారెయూస్, లింద్‌క్విస్ట్ 1931లో చూపారు. కేశనాళికలోకి వచ్చేసరికి దాని వ్యాసమూ, ఎర్రకణం వ్యాసమూ ఇంచుమించు ఒక్కటే. కణాలు ఒళ్ళు మడుచుకుని ఒకదాని వెనుక ఒకటి పోతాయి. రక్తాన్ని అవిచ్ఛిన్నమైన ప్రవాహిగా భావించి ఒక బిందువు దగ్గర దాని వేగమింత అని రాసే వీలు అక్కడ లేదు.